విదేశీ ఎంబీబీఎస్ చేతికొచ్చింది.. లైసెన్స్ ఎప్పుడు? స్పెషలిస్ట్ ఎలా?

కొత్తగూడెం: ప్రతి ఏటా నీట్ ఫలితాలు వచ్చీ రాగానే కొత్తగూడెం, పాల్వంచ, ఇల్లెందు, మణుగూరు ఇళ్లలోని ఫోన్లకు ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి. ‘విదేశాల్లో ఎంబీబీఎస్. డొనేషన్ లేదు. హలాల్ మెస్ ఉంది. కాలేజీకి ఎన్‌ఎంసీ గుర్తింపు ఉంది’ అని. మొదటి మూడు మాటలు నిజమే కావచ్చు. నాలుగోది మాత్రం నిజం కాదు. మన దేశంలో వైద్య విద్యను చూసే నేషనల్ మెడికల్ కమిషన్, అంటే ఎన్‌ఎంసీ, ఏ విదేశీ కాలేజీకీ గుర్తింపు ఇవ్వదు. ‘వీటిలో చేరండి’ అనే జాబితా కూడా దాని దగ్గర లేదు. దాని దగ్గర ఉన్నవి షరతులు. మీ అబ్బాయో అమ్మాయో చదివిన కోర్సు ఆ షరతులకు సరిపోయిందా లేదా అన్నది తిరిగొచ్చాకే తేలుతుంది. అప్పటికి ఆరేళ్లు గడిచిపోతాయి. డబ్బులూ అయిపోతాయి.

ఆ డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. సింగరేణిలో రిటైరైన అబ్బా గ్రాట్యుటీ, అమ్మీ బంగారం, రామవరంలోనో చుంచుపల్లిలోనో ఉన్న ప్లాటు. వడ్డీ అప్పు వద్దనుకునే ఇళ్లలో అయితే ముందు ఆస్తే అమ్ముడుపోతుంది. అందుకే ఫీజు కట్టకముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. డాక్టర్ కావడంలో మూడు గేట్లు ఉంటాయి. డిగ్రీ ఒక గేటు. లైసెన్స్ రెండోది. స్పెషలిస్ట్ కావడం మూడోది. ఏజెంట్ అమ్మేది మొదటి గేటుకి టికెట్ మాత్రమే. మిగతా రెండు గేట్ల దగ్గర వేరే కాపలాదారు ఉంటాడు, వేరే పరీక్ష ఉంటుంది. ఏ దేశమైనా ఇంతే. కిర్గిజ్‌స్థాన్‌లో చదివి మన దేశానికొచ్చినా, మన దేశంలో చదివి లండన్‌కో దుబాయ్‌కో వెళ్లినా, ‘మా గేటు దగ్గర మా పరీక్షే’ అంటారు.

తిరిగొచ్చే వాళ్లకు ఇక్కడి లెక్క

ముందు మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యే దారి చూద్దాం. బయట చదివి తెలంగాణలో ప్రాక్టీస్ పెట్టడం.

విదేశంలో ఎంబీబీఎస్ చదవాలన్నా నీట్‌లో అర్హత మార్కు దాటాల్సిందే. 2018 నుంచి ఇది తప్పనిసరి. ‘నీట్ లేకుండానే సీటు’ అని ఎవరైనా చెబితే అక్కడితో మాట ఆపేయొచ్చు. సీటు దొరుకుతుంది, నిజమే. ఇక్కడి లైసెన్స్ మాత్రం ఎప్పటికీ దొరకదు.

ఆ తర్వాత 2021 నవంబర్ 18న వచ్చిన ఎన్‌ఎంసీ నిబంధనలు. ఆ తేదీ తర్వాత చేరిన వాళ్లందరికీ ఇవే వర్తిస్తాయి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఇంగ్లిష్ మీడియంలో సాగాలి. ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ సంస్థలో చేయాలి. మధ్యలో కాలేజీ మారడం, ఒక దేశంలో మొదలుపెట్టి ఇంకో దేశంలో ముగించడం కుదరదు. చేరిన రోజు నుంచి పదేళ్లలోపు అంతా పూర్తవ్వాలి. ఇవన్నీ ఒక ఎత్తయితే, చాలామంది చూడకుండా వదిలేసే షరతు ఇంకొకటుంది. ఆ డిగ్రీతో, చదివిన దేశంలోనే, అక్కడి పౌరుల్లాగే డాక్టర్‌గా రిజిస్టర్ అయ్యే అర్హత ఉండాలి. ‘మా దేశంలో చెల్లదు గానీ మీ దేశంలో పనికొస్తుంది’ అనే రకం డిగ్రీని ఇక్కడ ఒప్పుకోరు.

ఈ నిబంధనలు ఎవరికి తగిలాయో చూడాలంటే ఫిలిప్పీన్స్ సంగతి చాలు. ఒకప్పుడు తెలుగు పిల్లలు గుంపులుగా వెళ్లిన దేశం అది. అక్కడ ముందు బీఎస్ అనే ప్రీ మెడికల్ కోర్సు, తర్వాత నాలుగేళ్ల ఎండీ ఉండేవి. నాలుగేళ్లంటే 48 నెలలు. ఎన్‌ఎంసీ అడిగేది 54. బీఎస్‌ను వైద్య కోర్సులో కలిపి లెక్కించబోమని చెప్పేసరికి, కొత్తగా చేరిన వాళ్ల కుటుంబాలు నెత్తిన చేతులు పెట్టుకున్నాయి. ఆరు నెలల తేడా అంతే. కానీ ఆ ఆరు నెలలే లైసెన్స్‌కు అడ్డుపడ్డాయి.

ఉక్రెయిన్ వాళ్లది ఇంకో కథ. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ‘ఆపరేషన్ గంగా’లో వేలమంది విద్యార్థులు ఇళ్లకు వచ్చారు. చాలామంది ఆన్‌లైన్‌లోనే క్లాసులు విన్నారు. అంతకుముందు కరోనా వల్ల చైనా నుంచి వచ్చిన వాళ్లదీ అదే పరిస్థితి. ఆన్‌లైన్‌లో విన్నదానికి బదులుగా నేరుగా ఆసుపత్రిలో నేర్చుకున్నట్టు చూపించాలని, లేదంటే ఇక్కడ ఇంటర్న్‌షిప్ ఏడాదికి బదులు రెండు మూడేళ్లు చేయాలని మెలికలు పడ్డాయి. రిజిస్ట్రేషన్ సమయంలో పాస్‌పోర్టులోని ఇమ్మిగ్రేషన్ ముద్రలు కూడా చూస్తారు. ఏ ఏడాది ఎన్ని నెలలు నిజంగా ఆ దేశంలో ఉన్నారో ముద్రలే చెబుతాయి. కాబట్టి పాత పాస్‌పోర్టును పారేయకండి.

ఎఫ్‌ఎంజీఈ: అసలు గేటు ఇదే

ఇవన్నీ సరిపోతే అప్పుడు పరీక్ష. పేరు ఎఫ్‌ఎంజీఈ. 2002 నుంచి ఉంది. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబర్‌లో పెడతారు. 300 ప్రశ్నలు. ఉదయం 150, మధ్యాహ్నం 150. తప్పు రాస్తే మార్కు కోయరు. 150 వస్తే పాస్. ర్యాంకు లేదు, పోటీ లేదు, సీట్ల లెక్క లేదు. ఎన్నిసార్లయినా రాయొచ్చు.

వినడానికి తేలికగా ఉంది కదా. ఇటీవలి చాలా సెషన్లలో రాసిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒక్కరే పాసయ్యారు. ఫలితం కాస్త బాగున్న సెషన్‌లో కూడా రాసిన వాళ్లలో ఎక్కువమంది ఫెయిలయ్యారు. పిల్లలకు తెలివి లేక కాదు. ఈ పరీక్ష మన సిలబస్ మీద, మన రోగాల మీద, మన మందుల మీద ఉంటుంది. డెంగీ, టీబీ, పాముకాటు, గర్భిణుల్లో రక్తహీనత లాంటివి. మంచు కురిసే ఊళ్లో, స్థానిక భాష రాక రోగితో నాలుగు మాటలు కూడా మాట్లాడలేని వార్డుల్లో ఐదేళ్లు గడిపిన వాళ్లకు ఇవి పుస్తకంలోని బొమ్మలే. క్లాసు ఇంగ్లిష్‌లో ఉంటుంది. రోగి మాత్రం రష్యన్‌లోనో ఉజ్బెక్‌లోనో మూలుగుతాడు. ఈ ఒక్క సంగతి ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

పాస్ కాని వాళ్లు ఏం చేస్తున్నారు? కొందరు హైదరాబాద్‌లో హాస్టల్ తీసుకుని, కోచింగ్‌లో చేరి, రెండో ప్రయత్నం, మూడో ప్రయత్నం అంటూ ఉండిపోతారు. కొందరు చిన్న నర్సింగ్ హోముల్లో ‘డ్యూటీ డాక్టర్’ పేరుతో రాత్రి షిఫ్టులు చేస్తారు. ఈ రెండోది నేరం. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి ఎన్‌ఎంసీ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎఫ్‌ఎంజీఈ పాస్ కాకుండానే వేర్వేరు రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లలో రిజిస్టర్ అయ్యారని 73 మంది విదేశీ పట్టభద్రుల మీద సీబీఐ కేసు పెట్టి, 2022 డిసెంబర్‌లో దేశమంతా సోదాలు చేసింది. అందులో 14 రాష్ట్రాల కౌన్సిళ్ల పేర్లు వచ్చాయి. ‘సర్టిఫికెట్ మేం చూసుకుంటాం’ అనే మధ్యవర్తి మాట వినేవాళ్లు ఆ కేసును గుర్తుంచుకోవాలి.

పాసయ్యాక తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేయించుకుని, మన దగ్గర మళ్లీ 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. అక్కడ చేసింది ఇక్కడ చెల్లదు, రెండూ ఉండాల్సిందే. ఇంటర్న్‌షిప్ సీట్లకూ పరిమితి ఉంది. ఒక కాలేజీలో విదేశీ పట్టభద్రులకు ఇచ్చేది మొత్తం సీట్లలో ఏడున్నర శాతం దాటకూడదు. దాంతో ఇక్కడా క్యూ ఉంటుంది. అది ముగిశాక శాశ్వత రిజిస్ట్రేషన్ వస్తుంది. అప్పుడు మాత్రమే పేరు ముందు ‘డాక్టర్’ అని బోర్డు కట్టొచ్చు. ఇంటర్న్‌షిప్ పూర్తి చేస్తేనే నీట్ పీజీ ద్వారా ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ సీటులో చేరొచ్చు. అంటే స్పెషలిస్ట్ గేటు దగ్గరికి చేరడానికే ఎనిమిదేళ్లు పడుతుంది. అదీ ఒక్కసారి కూడా ఫెయిల్ కాకపోతే.

ఇంటి పక్కనే ఉన్న కాలేజీ

కొత్తగూడెంలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది. 150 సీట్లు. ఆ ఏడాది నవంబర్‌లో ఒకే రోజు ప్రారంభమైన ఎనిమిది కొత్త కాలేజీల్లో ఇదొకటి. వాటిలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతే మిగతావి వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ ద్వారా రాష్ట్ర పిల్లలకు ఇస్తారు. ముస్లింలలోని బీసీ ఈ గ్రూపులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది కాబట్టి, ఈ ఒక్క కాలేజీలోనే లెక్కకు ఐదు సీట్లు పడతాయి. ఇప్పుడు రాష్ట్రంలో ప్రతి జిల్లాకూ ప్రభుత్వ కాలేజీ ఉంది. అన్నీ కలిపి చూస్తే అది చిన్న సంఖ్య కాదు.

ఇంకో ఏడాది నీట్ రాయాలా, ఇప్పుడే విమానం ఎక్కాలా అన్నది ప్రతి ఇంట్లో జరిగే గొడవ. అర్హత మార్కు దగ్గరే ఆగిపోయిన పిల్లకు మరో ఏడాది కోచింగ్ ఇప్పించినా ఫలితం ఉండకపోవచ్చు. కానీ కొద్ది మార్కుల తేడాతో ప్రభుత్వ సీటు పోయిన పిల్లను ‘ఏడాది వృథా అవుతుంది’ అని బయటికి పంపడం మాత్రం లెక్క తెలియకపోవడమే. ఆ ఏడాదిని తర్వాత ఎఫ్‌ఎంజీఈ దగ్గర రెండింతలు చేసి కట్టాల్సి రావచ్చు. బీసీ ఈ సర్టిఫికెట్ చేతిలో లేక కౌన్సెలింగ్‌లో ఓపెన్ కేటగిరీలో నిలబడే వాళ్లూ ఉన్నారు. మీ సేవలో ముందే అప్లై చేసి పెట్టుకుంటే పోయేదేముంది.

మైనార్టీలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 20 లక్షల రూపాయల ఆ పథకం విదేశీ యూనివర్సిటీల్లో పీజీ, పీహెచ్‌డీ చదివే వాళ్లకు. ఎంబీబీఎస్‌కు వర్తించదు. దాన్ని నమ్ముకుని ఎంబీబీఎస్‌కు పంపవద్దు.

వందేళ్ల కిందటి భీమవరం డాక్టర్

ఇక రెండో దారి. ఇక్కడ చదివి బయటి దేశంలో స్పెషలిస్ట్ కావడం. ఇందులో మొదట దెబ్బ తిన్న తెలుగు వాళ్లలో ఒకరి పేరు అందరికీ తెలుసు. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చిందని, అందుకే ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టా చేతికి వచ్చిందని చెబుతారు. 1923లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చేశారు. ఆ పట్టాతో అక్కడ డాక్టర్ ఉద్యోగం దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేసి కడుపు నింపుకున్నారు. తర్వాత బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, లెడర్లీ కంపెనీలో మందుల పరిశోధనకు పేరు తెచ్చారు. రోగులను చూసే డాక్టర్‌గా మాత్రం కాదు. అంత పెద్ద మనిషికే డిగ్రీ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి నడిచి రాలేదు.

ఇప్పుడు పోర్టర్ పని చేయాల్సిన పరిస్థితి లేదు. దారి రాసి ఉంది. కాకపోతే పొడుగ్గా ఉంది.

బ్రిటన్: లైసెన్స్ వస్తుంది, సీటు రావడమే కష్టం

బ్రిటన్‌లో లైసెన్స్ ఇచ్చేది జనరల్ మెడికల్ కౌన్సిల్, పొట్టిగా జీఎంసీ. ముందు ఇంగ్లిష్ పరీక్ష. ఐఎల్ట్స్‌లో మొత్తం మీద 7.5, ఒక్కో భాగంలో 7కు తగ్గకూడదు. లేదా ఓఈటీలో నాలుగింటా బి గ్రేడ్. తర్వాత ప్లాబ్ మొదటి భాగం. 180 ప్రశ్నలు, మూడు గంటలు. దీన్ని మన దేశంలోనే రాయొచ్చు. రెండో భాగానికి మాంచెస్టర్ వెళ్లాలి. అక్కడ 16 గదుల్లో 16 సందర్భాలు ఉంటాయి. ఒక్కో గదిలో ఎనిమిది నిమిషాలు. రోగిగా నటించే మనిషి కూర్చుని ఉంటాడు. మందు పేరు తెలిస్తే సరిపోదు. ‘మీ అబ్బాయికి క్యాన్సర్’ అని తల్లికి ఎలా చెబుతావో చూస్తారు. మన దగ్గర ఓపీలో గంటకు అరవై మందిని చూసి అలవాటైన డాక్టర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెండు భాగాల పరీక్ష ఫీజే 1200 పౌండ్లు దాటుతుంది. వీసా, విమానం, మాంచెస్టర్ గది అద్దె అదనం. ఒక్కో భాగానికి నాలుగు అవకాశాలే.

పాసయ్యాక డిగ్రీ నిజమైనదేనా అని కాలేజీ నుంచే నేరుగా ధ్రువీకరణ తెప్పించుకుని, ఇంటర్న్‌షిప్ సంవత్సరం చూసి, గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ అడిగి, లైసెన్స్ ఇస్తారు. ఇదంతా ఏడాది, ఏడాదిన్నర పని.

ఇక్కడే మన వాళ్లు పొరబడతారు. జీఎంసీ నంబర్ వచ్చిందంటే ఉద్యోగం వచ్చిందనుకుంటారు. ఉద్యోగం వస్తే స్పెషలిస్ట్ అయ్యారనుకుంటారు. బ్రిటన్‌లో స్పెషలిస్ట్ అంటే ట్రైనింగ్ పోస్టులో చేరి, ఏళ్ల తరబడి చేసి, చివర్లో సీసీటీ అనే సర్టిఫికెట్ తీసుకుని, జీఎంసీ స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకున్న వాళ్లు. ఫ్యామిలీ డాక్టర్‌కు మూడేళ్ల ట్రైనింగ్, వాళ్లకు వేరే రిజిస్టర్. కార్డియాలజీ లాంటివి అయితే ఏడెనిమిదేళ్లు. ఆ ట్రైనింగ్ పోస్టులకు ఇప్పుడు విపరీతమైన పోటీ. 2025లో దాదాపు 10 వేల పోస్టులకు 30 వేల మందికి పైగా పోటీ పడ్డారు. ట్రైనింగ్‌లో లేని మామూలు జూనియర్ ఉద్యోగాలకూ ఒక్కోదానికి వందల దరఖాస్తులు వస్తున్నాయి. ప్లాబ్ పాసై, లైసెన్స్ చేతిలో పట్టుకుని నెలల తరబడి ఇంట్లో కూర్చున్న డాక్టర్లు ఉన్నారు. దానికి తోడు 2025 జూలైలో అక్కడి ప్రభుత్వం తెచ్చిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలో, ట్రైనింగ్ సీట్లలో తమ దేశంలో చదివిన వాళ్లకు ప్రాధాన్యం అని రాసింది.

ఇలా మధ్యలో ఆట నియమాలు మారడం కొత్త కాదు. 2006 వసంతంలో కూడా బ్రిటన్ ఒక్కసారిగా వీసా రూల్ మార్చి, అప్పటికే అక్కడ ఉన్న వేలాది భారతీయ డాక్టర్లను గాలిలో వదిలేసింది. భారత సంతతి డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకు వెళ్లింది. యూరప్ డాక్టర్లకే ముందు సీట్లు ఇవ్వాలన్న ఆరోగ్య శాఖ మార్గదర్శకం చెల్లదని 2008లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చింది. గెలిచారు. కానీ రెండేళ్లు అద్దెలు కట్టలేక, ఇంటికి ఫోన్ చేయలేక చాలామంది అప్పటికే వెనక్కి వచ్చేశారు.

ఎంఆర్‌సీపీ గురించి ఒక మాట. ఇది పరీక్ష, స్పెషలిస్ట్ పట్టా కాదు. ఇండియాలో ఉండి కూడా రాయొచ్చు. బోర్డు మీద ‘ఎంఆర్‌సీపీ, యూకే’ అని కనబడితే ఎండీ కంటే పెద్దదనుకుంటారు జనం. బ్రిటన్‌లో అది పై ట్రైనింగ్‌లోకి వెళ్లే మెట్టు మాత్రమే.

ఇక్కడే ఎండీ, ఎంఎస్ చేసి అనుభవం ఉన్న వాళ్లకు ఇంకో రెండు దారులు ఉన్నాయి. ఒకటి ఎంటీఐ. గరిష్ఠంగా రెండేళ్లు అక్కడ పని చేసి నేర్చుకుని తిరిగి రావాలి. ప్లాబ్ అవసరం లేదు. రెండోది పోర్ట్‌ఫోలియో దారి. 2023 నవంబర్ వరకు దీన్ని సెసర్ అనేవారు. మొత్తం ట్రైనింగ్ మళ్లీ చేయకుండా, తమ ఏళ్ల పనిని కాగితాల రూపంలో రుజువు చేసి స్పెషలిస్ట్ రిజిస్టర్ ఎక్కడం. ఆ ఫైలు వందల పేజీలు దాటుతుంది. చేసిన ఆపరేషన్ల లాగ్ బుక్, ఆడిట్లు, పై అధికారుల నివేదికలు అన్నీ కావాలి. ఇక్కడ పని చేసేటప్పుడే ఆ కాగితాలు దాచుకోని వాళ్లకు తర్వాత పుట్టవు.

అమెరికా: మళ్లీ మొదటి నుంచి

అమెరికా మాట సూటిగా చెప్పాలంటే, అక్కడ రెసిడెన్సీ చేయకుండా స్పెషలిస్ట్ కాలేరు. హైదరాబాద్‌లో పదిహేనేళ్లు గుండె డాక్టర్‌గా చేసిన మనిషి అయినా సాధారణంగా ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ మొదటి ఏడాదిలో, తన కంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్ల పక్కన నిలబడాల్సిందే. అది మూడేళ్లు. ఆపై కార్డియాలజీ ఫెలోషిప్ ఇంకో మూడేళ్లు.

దానికంటే ముందు యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 1, స్టెప్ 2 సీకే, ఓఈటీ పాసై ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఒక్కో స్టెప్‌కు వెయ్యి డాలర్లు దాటుతుంది. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో మార్కులు చెప్పడం లేదు, పాస్ లేదా ఫెయిల్ అంతే. దాంతో బరువంతా స్టెప్ 2 మీద, అమెరికా ఆసుపత్రుల్లో చేసిన కొన్ని నెలల అనుభవం మీద పడింది. ఆ తర్వాత ‘మ్యాచ్’. ఆసుపత్రులు, డాక్టర్లు తమ తమ జాబితాలు ఇస్తే కంప్యూటర్ జత కలుపుతుంది. మార్చి మూడో వారంలో ఫలితం. 2024లో, 2025లో అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో సుమారు 58 శాతం మందికి సీటు దొరికింది. మిగతా వాళ్లు ఇంకో ఏడాది ఆగాలి. పట్టా పాతబడే కొద్దీ అవకాశం తగ్గుతుంది.

ఎక్కువమంది వెళ్లేది జే 1 వీసా మీద. ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది ఆ వీసా షరతు. దాన్ని తప్పించుకోవాలంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పని చేయాలి. 1994లో వచ్చిన ఈ పథకంలో ఏటా ఒక్కో రాష్ట్రానికి 30 మందికి అవకాశం ఇస్తారు. పేరు కాన్రాడ్ 30. అమెరికాలోని చిన్న ఊళ్లలో తెలుగు డాక్టర్లు అంతమంది ఎందుకు ఉన్నారో దీన్ని బట్టి తెలుస్తుంది. బూర్గంపాడుకు, చర్లకు వెళ్లమంటే మొహం తిప్పుకునే మనం అక్కడి పల్లెకు వరుసలో నిలబడి వెళ్తాం. వీసా మహిమ. హెచ్ 1బి మీద వెళ్లే వాళ్ల సంగతి 2025 సెప్టెంబర్ నుంచి ఇంకా బిగిసింది. కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అనే ప్రకటన వచ్చాక, చిన్న ఆసుపత్రులు ఆ వీసా మాట ఎత్తడానికే వెనకాడుతున్నాయి.

గల్ఫ్: ఉద్యోగానికి సరే, చదువుకు కాదు

మన కుటుంబాలకు దగ్గరైన దారి గల్ఫ్. మామూలో చిన్నాన్నో రియాద్‌లోనో షార్జాలోనో ఉంటారు. ఇక్కడ పద్ధతి వేరు. ముందు డేటాఫ్లో అనే సంస్థ మీ డిగ్రీ, రిజిస్ట్రేషన్, అనుభవ పత్రాలను వాటిని ఇచ్చిన చోటే అడిగి సరిచూస్తుంది. తర్వాత కంప్యూటర్ పరీక్ష. సౌదీలో సౌదీ హెల్త్ స్పెషాలిటీస్ కమిషన్, దుబాయ్‌లో దుబాయ్ హెల్త్ అథారిటీ, అబుదాబీకి వేరు, షార్జా వంటి మిగతా ఎమిరేట్లకు కేంద్ర ఆరోగ్య శాఖ. ఒకే దేశంలో మూడు ఆఫీసులు.

ఎంబీబీఎస్ వాళ్లను జనరల్ ప్రాక్టీషనర్‌గా తీసుకుంటారు. యూఏఈలో ఇంటర్న్‌షిప్ తర్వాత రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఎండీ, ఎంఎస్ ఉన్న వాళ్లను, ఆపై అనుభవం చూసి స్పెషలిస్ట్‌గా వర్గీకరిస్తారు. అంటే గల్ఫ్ మిమ్మల్ని స్పెషలిస్ట్‌గా తయారు చేయదు. మీరు తయారై వెళ్తే ఒప్పుకుంటుంది. జీపీగా వెళ్లిన వాళ్లలో చాలామంది పదేళ్ల తర్వాత కూడా జీపీగానే ఉంటారు. జీతం బాగుంటుంది, ఉమ్రాకు దగ్గర, అదీ నిజమే. కానీ ఇంట్లో ‘వెళ్లాక అక్కడే పీజీ చేస్తాడు’ అని లెక్క వేసుకుంటే మాత్రం ఆ లెక్క తప్పుతుంది.

అనుభవ పత్రం విషయంలో జాగ్రత్త. పని చేయని ఆసుపత్రి నుంచి తెలిసిన వాళ్లతో లెటర్ రాయించుకుంటే డేటాఫ్లోలో దొరికిపోతారు. ఒకసారి ‘నెగటివ్’ పడితే మిగతా గల్ఫ్ దేశాల తలుపులు కూడా మూసుకునే ప్రమాదం ఉంది.

జర్మనీ పేరు కూడా ఈ మధ్య వినబడుతోంది. అక్కడ స్పెషలిస్ట్ ట్రైనింగ్ ఐదారేళ్లు, అదంతా జీతంతో కూడిన ఉద్యోగమే. ఫీజు లేదు. భాషే అసలు ఫీజు. జర్మన్‌లో రోగితో మాట్లాడి, జర్మన్‌లో కేసు షీటు రాసి, తోటి డాక్టర్‌కు జర్మన్‌లో వివరించే పరీక్ష ఒకటి, వైద్య పరిజ్ఞానం మీద ఇంకొకటి. భాషకే ఏడాదిన్నర పెట్టగలిగిన వాళ్లు ఆలోచించొచ్చు.

వయసు, నికాహ్, రిజిస్టర్

ఈ లెక్కలన్నీ చివరికి వయసు దగ్గరికి వస్తాయి. పద్దెనిమిదేళ్లకు బయటికి వెళ్లిన అమ్మాయి ఇరవై నాలుగుకు పట్టాతో వస్తుంది. ఎఫ్‌ఎంజీఈ, ఇంటర్న్‌షిప్ అయ్యేసరికి ఇరవై ఆరు, ఇరవై ఏడు. పీజీ అయ్యేసరికి ముప్పై. మధ్యలో నికాహ్ ఒత్తిడి ఎక్కువగా ఎప్పుడు వస్తుందంటే, సరిగ్గా ఎఫ్‌ఎంజీఈకి చదువుతున్న ఏడాదే. పట్టా వచ్చింది కదా, ఇంకేముంది అని. పెళ్లి తప్పని కాదు. కానీ ఆ ఏడాది పరీక్ష పోతే ఆరేళ్ల ఫీజు కప్‌బోర్డ్‌లో ఫ్రేమ్ కట్టిన కాగితంగా మిగులుతుంది. సంబంధం మాట్లాడేటప్పుడే ‘పరీక్ష, ఇంటర్న్‌షిప్ పూర్తి చేయనివ్వాలి’ అని పెద్దల ముందు తేల్చుకోవడం నయం.

అవతలి వైపు కూడా ఇదే సమస్య. ‘అబ్బాయి లండన్‌లో డాక్టర్’, ‘అమెరికాలో కార్డియాలజిస్ట్’ అని సంబంధాలు వస్తుంటాయి. ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ ఉండటం లైసెన్స్ కాదు. ఆసుపత్రిలో అబ్జర్వర్‌గా ఉండటం ఉద్యోగం కాదు. రీసెర్చ్ అసిస్టెంట్ పని మంచిదే, కానీ అది వైద్యం కాదు. ఇందులో అబద్ధం చెప్పే వాళ్ల కంటే తేడా తెలియక చెప్పే తల్లిదండ్రులే ఎక్కువ.

అడగడానికి మొహమాటం అనుకుంటే అడగక్కర్లేదు కూడా. జీఎంసీ రిజిస్టర్ ఇంటర్నెట్‌లో అందరికీ కనబడుతుంది. పేరు కొడితే నంబర్, లైసెన్స్ ఉందా లేదా, స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో ఉంటే ఏ విభాగం, ఏ తేదీ నుంచి, ఏవైనా ఆంక్షలు పడ్డాయా అన్నీ వస్తాయి. అమెరికాలో ప్రతి రాష్ట్ర మెడికల్ బోర్డు ఇలాంటిదే పెడుతుంది. మన దగ్గర ఎన్‌ఎంసీ పెట్టిన ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, ఏ రాష్ట్ర కౌన్సిల్ అన్నది వెతకొచ్చు. పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. సూపర్ బజార్ దగ్గర చాయ్ తాగుతూ ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు.